చదువుతూ పిల్లవాడు ఆగిన చోట

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మీ అత్తయ్య ఆశీస్సులు.

బాబు ఒకటో తరగతి సగం దాటినా తెలుగు వాచకంలో కొత్త పేజీ తీస్తే మాట మాటకూ ఆగిపోతున్నాడనీ, ఇంగ్లీషు పాఠం మాత్రం గడగడా అప్పజెబుతున్నాడనీ, తెలుగు వాడికి భారమవుతోందేమోననీ రాశావు. ఉద్యోగకాలమంతా చిన్న తరగతులకే చదువు చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను. ఆగి ఆగి కూడబలుక్కునే పిల్లవాడు నిజంగా చదువుతున్నాడు. వాడు ఆగిన క్షణంలో పక్కనున్న పెద్దవాళ్లు ఏం చేస్తారన్న దాని మీదే ఈ ఒకటి రెండేళ్ల పురోగతి చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఆ ఇంగ్లీషు పాఠాన్నే చివరి వాక్యం నుంచి పైకి చదివించి చూడు. కంఠతా వచ్చినదైతే అక్కడే తెలిసిపోతుంది. 'సి, ఏ, టి' అని అక్షరాల పేర్లు వల్లించినంత మాత్రాన 'క్యాట్' అనే మాట పలకదు. ఆ అక్షరాల ధ్వనులు తెలిసి, వాటిని కలపడం రావాలి. పైగా అదే 'ఏ' అక్షరం క్యాట్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, కార్‌లో మరోలా పలుకుతుంది. తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ గుణింతాలూ ఒత్తులూ కలిసి పిల్లవాడు గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లో ఉంటాయి, అందుకే తెలుగులో మొదటి మెట్టు తేలికగా, తర్వాతి రెండు మెట్లు నిదానంగా సాగుతాయి. రెండు భాషలనూ ఒకే కొలతతో కొలిచి ఒకదానిలో వెనుకబడ్డాడనుకోవద్దు.

గుణింతం విషయంలో బడుల్లోనూ ఇళ్లలోనూ జరిగే పొరపాటు ఒకటే. క, కా, కి, కీ అని రాగం తీస్తూ ఒక్క ఊపులో చెప్పగలిగే పిల్లలకు 'కీ' ఒక్కటే విడిగా చూపిస్తే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. వరస మార్చి అడుగు. గుడికీ గుడిదీర్ఘానికీ, కొమ్ముకూ కొమ్ముదీర్ఘానికీ తేడా చూడగానే పట్టుకోగలుగుతున్నాడో లేదో గమనించు. పైనా కిందా రెండు చోట్ల గుర్తు ఉండే ఐత్వం దగ్గర చాలామంది తడబడతారు. మ, య లను, ప, వ లను, ద, ధ, థ లను ఒకదానికొకటి అనుకోవడం ఈ వయసులో సహజం. వాటిని ఒకే రోజు పక్కపక్కన పెట్టి నేర్పకుండా, ఒకటి బాగా స్థిరపడ్డాక రెండోది చూపించడం మేలు.

ఒత్తుల గురించి మాత్రం కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే బాబు ఆగేది ఎక్కువగా అక్కడేనని నీ ఉత్తరాన్నిబట్టి అనిపిస్తోంది. గ, డ, ద, బ వంటి వాటి ఒత్తులు తలకట్టు లేని ఆ అక్షరాలే కాబట్టి పిల్లలు ఊహించగలరు. క, త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, వాటిని విడిగా నేర్చుకోక తప్పదు. అయితే ఇంట్లో రోజూ వినపడే అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, బుర్ర, పిల్ల అనే మాటల్లో సరిగ్గా ఆ ఏడు ఒత్తులూ ఉన్నాయి. ఈ ఏడు మాటలనూ పెద్ద అక్షరాలతో అట్టముక్కల మీద రాసి, రోజుకొకటి చొప్పున చూపించు; మాట ముందే తెలిసినదవడం వల్ల వాడి దృష్టంతా ఒత్తు ఆకారం మీదే నిలుస్తుంది. మియాపూర్ నుంచి మెట్రోలో వచ్చేటప్పుడు స్టేషన్ల పేర్లు చదివించు. మూసాపేటలో ఒత్తు లేదు, కూకట్‌పల్లిలో ఒకటుంది, ఎర్రగడ్డలో రెండున్నాయి. వారం వారం అదే దారిలో వస్తారు కాబట్టి, మొదట ఆగిన పేరునే తర్వాత తడబడకుండా చదివిన సంతోషం వాడికి కూడా దక్కుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మాట దగ్గర ఆగగానే నీవు అందించేయవద్దు. మనసులో అయిదు లెక్కపెట్టుకునేంతసేపు ఊరుకో. అప్పటికీ రాకపోతే ఆ మాటలో వాడికి తెలిసిన అక్షరం మీద వేలు పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టించు, అదీ కుదరకపోతే మాట చెప్పేసి, వాక్యాన్ని మొదటి నుంచి ఇంకోసారి చదివించు, లేకపోతే అర్థం మధ్యలోనే తెగిపోతుంది. 'నిన్ననే చదివావు కదా' అనే మాట ఎవరి నోటా రాకూడదు, మీ వారికీ ఈ సంగతి చెప్పు. ఒక పేజీలో అయిదారు చోట్ల ఆగుతున్నాడంటే ఆ పుస్తకాన్ని ప్రస్తుతానికి మీరే చదివి వినిపించాలి.

హైదరాబాదులో మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇంకొకటుంది. వాడు నానమ్మ దగ్గర 'పోయిండు' అని విని పెరిగాడు, వాచకంలో 'వెళ్ళాడు' అని ఉంటుంది. 'వెళ్ళాడు' అన్న చోట 'పోయిండు' అని చదివాడంటే అర్థం పూర్తిగా పట్టుకున్నాడన్నమాట. ముందు ఆ సంగతి మెచ్చుకుని, తర్వాత అక్షరాలు చూపించు. ఇంటి భాషను తప్పుగా ఎంచితే పిల్లవాడు నోరు విప్పడానికే జంకుతాడు. నానమ్మ చెప్పే కథలు ఆపవద్దు. చెవికి అలవాటైన మాటనే కన్ను త్వరగా గుర్తుపడుతుంది.

పేరెంట్స్ మీటింగులో 'మా వాడు ఎలా చదువుతున్నాడు' అని అడిగితే 'బాగానే' అన్న జవాబే వస్తుంది. ఏ గుణింతాల వరకు వచ్చారు, ఏ ఒత్తులు నేర్పారు, పాఠంలో లేని కొత్త వాక్యం ఇస్తే చదవగలుగుతున్నాడా, ఎక్కడ ఆగుతున్నాడు అని అడుగు. ఇంట్లో నీవు గమనించినవి కాగితం మీద రాసి ఇవ్వు, తరగతి నిండా పిల్లలున్న టీచరుకు అది నిజమైన సాయం. 2018లో వచ్చిన తెలంగాణ చట్టం ఏ బోర్డు బడిలోనైనా తెలుగు బోధనను తప్పనిసరి చేసింది కాబట్టి, వారానికి తెలుగుకు ఎన్ని పీరియడ్లు ఇస్తున్నారని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఒకటో తరగతి చివరికి ఆశించేది నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలు చదవడమే. నిమిషానికి 45 నుంచి 60 మాటలన్నది రెండో తరగతి చివరి లక్ష్యం. తెలుగు మాటలు పొడుగైనవి కనుక ఆ అంకెను గడియారం పెట్టి వాడి మీద ప్రయోగించవద్దు. ట్యూషను ఆలోచన ఇప్పుడే వద్దు.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి. బడి నుంచి రాగానే కాకుండా, కాస్త ఆడుకుని తిన్నాక కూర్చోబెట్టు. అందులో సగం వాడు చదవాలి, సగం నీవు వాడి స్థాయికి మించిన కథను చదివి వినిపించాలి. చదివిన కథనే మళ్లీ అడిగితే విసుక్కోకు, ఆ పునరావృత్తిలోనే మాటలు స్థిరపడతాయి. పుస్తకాల కోసం పెద్ద ఖర్చు అక్కర్లేదు. తార్నాకలోని 'మంచి పుస్తకం' వారి దగ్గర పిల్లల పుస్తకాలు దొరుకుతాయి, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో స్థాయిల వారీగా తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరికి తీసుకెళ్లి, బొమ్మలు చూసి వాడినే ఎంచుకోనివ్వు.

కళ్లు, చెవులు ఒకసారి పరీక్ష చేయించడం మంచిది. బోర్డు కనపడకపోవడాన్ని చదువు రాకపోవడంగా పొరబడిన సందర్భాలు చాలా చూశాను. క్రమంగా సాధన చేయించినా రెండో తరగతి ముగిసేటప్పటికి గుణింతాలు నిలవకపోయినా, తేలిక మాటలు కూడా రోజూ కొత్తగానే కనిపిస్తున్నా నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాలి. అలాంటి అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది, అది బద్ధకం కాదు. బాబు విషయంలో ఇప్పటికి అలాంటి సూచన ఏదీ నాకు కనిపించడం లేదు.

టీచరును కలిశాక, బాబు ఏ ఏ ఒత్తుల దగ్గర ఆగుతున్నాడో రాసి పంపు. వాటికి తగిన పుస్తకాలు తార్నాకలో చూసి తెచ్చి ఉంచుతాను, ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్దువు గాని.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య