టెక్ సందేహాలు: ఓపెన్ సోర్స్‌లో మొదటి అడుగు, టెలిగ్రామ్‌లో దొరికే రామ్

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. జావా వచ్చు, కాట్లిన్ నేర్చుకుంటున్నాను. ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చగల) మొబైల్ ప్రాజెక్టులో, కుదిరితే ఆండ్రాయిడ్ కస్టమ్ రామ్ (కంపెనీ ఇచ్చినదాని బదులు ఫోన్‌లో వేసుకునే, బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) టీమ్‌లో పనిచేయాలని ఉంది. నాలుగైదు ప్రాజెక్టులకు ‘ఏదైనా పని ఇవ్వండి’ అని మెసేజ్ పెట్టాను. ఎవరూ పలకలేదు. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థి, గాజువాక

మధురవాడ నుంచి గాజువాక దాకా ఇంజినీరింగ్ పిల్లల ఉత్తరాల్లో ఇదే ఫిర్యాదు: ఎవరూ పలకడం లేదు. పలకరు కూడా. ‘పని ఇవ్వండి’ అంటే మీకేం వచ్చో వాళ్లే కనుక్కోవాలి, తగిన పని వెతకాలి, నేర్పాలి, చేసింది దిద్దాలి. ఈ ప్రాజెక్టులు నడిపేవాళ్లలో చాలామంది ఉద్యోగం ముగించుకుని రాత్రిపూట కూర్చునేవాళ్లే. ఒక బగ్‌ను సరిచేసి పట్టుకెళ్లండి, అప్పుడు మాట్లాడతారు. చేరడానికి వేరే దరఖాస్తు ఏమీ లేదు.

కస్టమ్ రామ్ సంగతి ఈ ల్యాప్‌టాప్ మీద మర్చిపోండి. ఆండ్రాయిడ్ సోర్స్ దించుకోవడానికే 250 జీబీ, బిల్డ్‌కు ఇంకో 150 జీబీ ఖాళీ కావాలని, ర్యామ్ కనీసం 64 జీబీ ఉండాలని దాని అధికారిక డాక్యుమెంటేషనే చెబుతోంది. యాప్‌లైతే ఈ మెషీన్‌తోనే చేయొచ్చు. పాడ్‌కాస్ట్ యాప్ యాంటెన్నాపాడ్ చాలావరకు జావాలో ఉంది, మ్యాప్‌లో వివరాలు నింపే స్ట్రీట్‌కంప్లీట్ కాట్లిన్‌లో ఉంది. మీరు రోజూ వాడే యాప్, ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్‌లో ఉంటే ఇంకా మంచిది. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) జోలికి మాత్రం వెళ్లకండి, దానితో కలిపి యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోకు 16 జీబీ ర్యామ్ కావాలి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి సొంత ఫోన్‌లోనే నడపండి, పనయ్యాక ఆపేయండి.

ఇక ఏ బగ్ పట్టుకోవాలి? కొత్తవాళ్లకు తగినవని ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ ట్యాగ్ ఉన్నవాటి మీద ఎప్పుడూ పదిమంది ఉంటారు. జర్మనీలోనో బ్రెజిల్‌లోనో కూర్చున్న డెవలపర్ కంటికి ఆనని బగ్ మీకు ఇట్టే కనిపిస్తుంది. యాప్ భాషను తెలుగుకు మార్చండి, ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజును చివరిదాకా పెంచండి. ఆండ్రాయిడ్ 14 నుంచి అది 200 శాతం వరకూ వెళ్తుంది. ఇప్పుడు టైప్ చేసే ప్రతి చోటా అక్కయ్యపాలెం, మద్దిలపాలెం, రాష్ట్రం అని కొట్టి చూడండి. బటన్ ఎత్తును ఇన్ని డీపీలని (స్క్రీన్ మీద వాడే కొలత) బిగించి ఉంటే క్కకీ ద్దికీ కిందున్న వొత్తు సగానికి తెగిపోతుంది. ‘ష్ట్ర’ అయితే అసలు చదవలేం. పైగా ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసిన (దాని తీరుకు తగ్గట్టు నడుస్తామని కోడ్‌లో ప్రకటించిన) యాప్‌లలో తెలుగు లాంటి లిపులకు వరుస ఎత్తు పెంచే ‘ఎలిగెంట్ టెక్స్ట్ హైట్’ దానంతటదే ఆన్ అవుతుంది. ఆండ్రాయిడ్ 16ను టార్గెట్ చేస్తే ఆపేసే వీలు కూడా లేదు. అందువల్ల నిన్నటిదాకా సరిగ్గా ఉన్న బటన్ కూడా టార్గెట్ మార్చాక తెగొచ్చు. ఇంగ్లిష్‌లో చూసేవాళ్లకు ఏ తేడా కనిపించదు. చాలాసార్లు బిగించిన ఎత్తు తీసేసి, కనీస ఎత్తు ఇచ్చి, మిగతాది లోపలి అక్షరాలను బట్టి సాగే ‘ర్యాప్ కంటెంట్’కు వదిలితే సరిపోతుంది. మార్చక ముందు, మార్చాక తీసిన రెండు స్క్రీన్‌షాట్లు జతచేయండి. తెలుగు చదవలేని మెయింటెయినర్‌కు (ప్రాజెక్టు నడిపేవారికి) కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది.

అనువాదం చేయబోతే ప్లేస్‌హోల్డర్లు (అంకె, పేరు వచ్చి కూర్చునే %1$s, %2$s లాంటి గుర్తులు) జాగ్రత్త. ఇంగ్లిష్ వాక్యంలో ముందు మూడు వచ్చి తర్వాత పది వస్తే, తెలుగులో ‘పదిలో మూడు’ అవుతుంది. నంబరున్న ప్లేస్‌హోల్డర్లను అలా అటూ ఇటూ జరపొచ్చు. జరిపేటప్పుడు డాలర్ గుర్తు ఎగిరిపోతే ‘మూడులో పది’ అని కనిపిస్తుంది. చివరి ఎస్ బదులు డీ పడితే ఆ స్క్రీన్ తెరవగానే యాప్ క్రాష్ కావొచ్చు, అదీ తెలుగు పెట్టుకున్నవాళ్లకు మాత్రమే.

బగ్ దిద్దారు సరే, పంపేది మూడు లైన్ల మార్పయితే మూడు లైన్లే పంపండి. ప్రాజెక్ట్ తెరవగానే ఆండ్రాయిడ్ స్టూడియో గ్రాడిల్ ప్లగిన్ (యాప్‌ను బిల్డ్ చేసే పనిముట్టు) అప్‌గ్రేడ్ చేయమంటుంది. ఒప్పుకోవద్దు. ఆటో ఫార్మాట్ నొక్కితే ఫైల్ మొత్తం మారినట్టు చూపిస్తుంది, అది చూసిన మెయింటెయినర్ అక్కడితో ఆపేస్తారు. బిల్డ్ కాకపోతే ముందు జేడీకే (జావా కిట్) వెర్షన్ ప్రాజెక్టు అడిగినదేనా అని చూడండి. క్రాష్ అయితే క్రాష్ లాగ్ ఒక్కటే ఇవ్వండి. కంప్యూటర్ నుంచి ఫోన్‌తో మాట్లాడే ఏడీబీ ఇచ్చే పూర్తి ‘బగ్ రిపోర్ట్’ జిప్‌లో మీ అకౌంట్లు, వైఫై పేర్లు కూడా ఉంటాయి, దాన్ని నలుగురూ చూసే చోట పెట్టకండి. సైనింగ్ కీ (యాప్ మీదేనని రుజువు చేసే డిజిటల్ ముద్ర), పాస్‌వర్డ్, టోకెన్ పొరపాటున కమిట్‌లో (మార్పు నమోదులో) వెళ్లిపోతే తర్వాతి కమిట్‌లో తీసేసినంత మాత్రాన పోదు, గిట్ చరిత్రలో ఉండిపోతుంది. వెంటనే ఆ టోకెన్ రద్దు చేయండి, ఆ కీ ఇంక వాడకండి.

సమీక్ష ఆలస్యమైతే ఒత్తిడి చేయొద్దు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ‘జియా టాన్’ పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి, చివరికి దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి కూపీ లాగితే బయటపడింది. అంతకు ముందు కొత్త కొత్త ఖాతాలు వరసపెట్టి ‘ఎందుకింత ఆలస్యం’ అని పాత మెయింటెయినర్‌ను సతాయించాయి. రోజూ ‘ఎనీ అప్‌డేట్ సర్’ అని రాసే కొత్తవాళ్లను చూస్తే ఇప్పుడు మెయింటెయినర్లకు అదే గుర్తొస్తుంది.

రెజ్యూమె కోసం పేరు ఎక్కించుకునే పుల్ రిక్వెస్టులు (మార్పును చేర్చుకోమనే అభ్యర్థనలు) మాత్రం దయచేసి పంపకండి. ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో నాలుగు రిక్వెస్టులకు టీషర్ట్ అనేసరికి, రీడ్‌మీ ఫైళ్లలో ఒక పదం చేర్చి పంపినవాళ్లతో ప్రాజెక్టులు నిండిపోయాయి. చివరికి ప్రాజెక్టు ఒప్పుకుంటేనే లెక్కలోకి వచ్చేలా నిబంధన మార్చారు. ఎన్ని రిక్వెస్టులు పంపారో లెక్కపెట్టి మార్కులు వేసే కాలేజీలు దీన్ని ఆలోచించాలి.

ప్రశ్న: మా అబ్బాయి నా పాత ఫోన్‌కు టెలిగ్రామ్ గ్రూపులో దొరికిన కొత్త ఆండ్రాయిడ్ వేశాడు. ఫోన్ వేగం పెరిగింది గానీ బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు. ఏదో మాడ్యూల్ వేస్తే పనిచేస్తుందంటున్నాడు. వేయించమంటారా? – ఒక పాఠకుడు, సీతమ్మధార

వద్దండి. బూట్‌లోడర్ (ఫోన్‌ను స్టార్ట్ చేసే ప్రోగ్రామ్) అన్‌లాక్ అయి ఉందని గమనించే బ్యాంకు యాప్ ఆగిపోయింది. మాడ్యూల్ దాన్ని మభ్యపెడుతుందే గానీ ఫోన్‌ను సురక్షితం చేయదు. పైగా దానికి రూట్ అనుమతి (ఫోన్ మీద పూర్తి అధికారం) ఇవ్వాల్సి ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఆండ్రాయిడ్ సోర్స్‌తో పాటు పరీక్షల కోసం ‘టెస్ట్ కీస్’ అనే సైనింగ్ కీలు వస్తాయి. వాటి ప్రైవేటు భాగం కూడా సోర్స్‌లోనే ఉంటుంది, ఎవరైనా దించుకోవచ్చు. సొంత కీలు తయారుచేసుకునే ఓపిక లేని కుర్రాళ్లు వాటితోనే సైన్ చేసి రామ్‌ను గ్రూపులో పెట్టేస్తారు. ఫోన్ తాళంచెవి నకళ్లు ఊరంతా పంచినట్టే. వాటిలోని ప్లాట్‌ఫామ్ కీతో సైన్ చేసిన యాప్ ఒకటి మీ ఫోన్‌లో దిగితే, అది సిస్టమ్‌లో భాగమే అనుకుని ఆండ్రాయిడ్ మిమ్మల్ని అడగకుండానే పెద్ద పెద్ద అనుమతులు ఇచ్చేస్తుంది. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి బిల్డ్ నంబర్ చివర చూడండి. ‘టెస్ట్ కీస్’ అని ఉంటే ఆ ఫోన్‌లో యూపీఐ, ఓటీపీలు వచ్చే సిమ్ ఉంచకండి. ‘రిలీజ్ కీస్’ అని ఉన్నా భరోసా లేదు, ఆ మాటను ఎలాగైనా మార్చి రాసుకోవచ్చు.

మీ అబ్బాయిని కోప్పడకండి. చక్కగా పనిచేసే ఫోన్‌కు రెండు మూడేళ్లకే అప్‌డేట్లు ఆపేసే కంపెనీలు ఉన్నంతకాలం పిల్లలు ఇలాంటి దారులు వెతుకుతూనే ఉంటారు. ఆండ్రాయిడ్ అడుగున పనిచేసే లినక్స్ కెర్నల్ జీపీఎల్ వెర్షన్ 2 అనే లైసెన్స్ కింద ఉంది. ఫోన్ అమ్మినవాళ్లు దాని సోర్స్ ఇచ్చి తీరాలి. కొందరు నెలల తరబడి ఇవ్వరు, ఇచ్చాక చూస్తే బిల్డ్ కాదు. సరైన సోర్స్ వేళకు ఇస్తే సొంత కీలతో, సమీక్షతో పద్ధతిగా నడిచే ప్రాజెక్టులు ఆ ఫోన్‌కు రామ్ ఇవ్వగలవు. ఇవ్వనప్పుడే ఎవరో తెలియనివాళ్లు అతుకులేసిన ఫైళ్లు గ్రూపుల్లో తిరుగుతాయి.

ఇప్పుడు చేయాల్సింది: ముందు ఫొటోలు, కాంటాక్టులు కంప్యూటర్‌లోకి తీసుకోండి. సరిగ్గా మీ మోడల్ నంబరుకే ఉన్న అసలు ఫర్మ్‌వేర్‌ను (కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను) తయారీదారు సైట్ నుంచి దించి వేయించండి. ఫోన్‌లో అంతకు ముందు ఉన్నదానికన్నా పాత వెర్షన్ వద్దు, పాత వెర్షన్‌ను అడ్డుకునే యాంటీ రోల్‌బ్యాక్ ఉన్న ఫోన్ దాంతో శాశ్వతంగా మూగబోవచ్చు. అసలు సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తెరుచుకుందని చూసుకున్నాకే బూట్‌లోడర్‌ను లాక్ చేయాలి. కస్టమ్ రామ్ ఉండగా లాక్ చేస్తే ఫోన్ బూట్ కాకపోవచ్చు. లాక్ చేసేటప్పుడు డేటా మళ్లీ తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి బ్యాంకు యాప్‌ను ఆ తర్వాతే వేసుకోండి. ఇన్నాళ్లూ ఆ రామ్ మీద వాడిన పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ కూడా అప్పుడే మార్చేయండి.