ఆ తాడు ఎవరు పట్టుకున్నారు?

హైదరాబాదు,
మాసబ్‌ట్యాంక్.

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. నల్లమలలో చెంచు తాత కొండచరియ మీంచి తేనెపట్టు దాకా తాడు మీద దిగే చోట రెండుసార్లూ ఆగిపోయాను. పైన ఆ తాడు ఎవరు పట్టుకున్నారమ్మా? నువ్వు రాయలేదు. చెంచుల్లో అది బావమరిది పని. తాడు జారితే దిక్కులేనిదయ్యేది తన తోబుట్టువే కనుక ఆ చేతులు వదలవు. ఆ ఒక్క మనిషిని నిలబెట్టి ఉంటే నీ తాత ఒంటరివాడు కాకపోయేవాడు.

‘ప్రకృతితో మమేకమైన బతుకు’ అని నాలుగుచోట్ల రాశావు. నాలుగూ కొట్టేయి. మమేకం అనేశాక ఇంక చెప్పడానికేం మిగలదు. అడవిని నిలిపింది కట్టుబాటు. ఎవరు కోయాలి, ఎప్పుడు కోయాలి, ఎంత వదలాలి? అది రాయి. గోదావరి పక్క కొండరెడ్లు మామిడి కొత్త పండుగ చేసి, దేవతకు పెట్టందే కొత్తకాయ నోట పెట్టరు. పిందెగా ఉన్నప్పుడే రాల్చుకుపోకుండా, టెంక ముదిరేదాకా చెట్టుకు దొరికే గడువది. పండుగ డప్పు గురించి పేజీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు ఆ గడువు గురించి రాయి.

అట్లాగని గిరిజనులను దేవుళ్లను చేయకు. అడవిలో తపసి చెట్టుకు గాటు పెట్టి తీసి అమ్మే జిగురు సంగతే చూడు. ఎంత బరువుంటే అంత డబ్బు అన్నన్నాళ్లూ గొడ్డలితో లోతుగా నరికారు, చెట్లు చచ్చాయి. చిన్న పనిముట్టుతో పైపైన గాటు పెట్టడం నేర్చుకుని, శుభ్రమైన జిగురుకు మంచి ధర పలికాక చెట్టు మానే వ్యవధి వచ్చింది. తప్పు గొడ్డలి పట్టినవాడిదా, కాటా పెట్టినవాడిదా? ఇక్కడ నీకు ఇంకో కథ ఉంది.

చట్టం కూడా తెలుసుకో. ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని తానే నిర్వహించుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. ఆ హక్కుతోనే మహారాష్ట్ర గడ్చిరోలిలోని మెండా లేఖా అనే గోండు ఊరు తన వెదురు తానే అమ్ముకుంది. ఒడిశాలోని నియమగిరిలో 2013లో 12 గ్రామసభలకు 12 బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. ట్యాంక్‌బండ్ మీద కొమురం భీం విగ్రహం ముందు నుంచి రోజూ వెళ్తుంటావు కదా, 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణమిచ్చింది ఈ నిర్ణయాధికారం కోసమే.

నా తొలి కథలో నేనూ నీలాగే ఒక్క మనిషినే పెట్టాను. ఉట్నూరు దగ్గర ఒక గోండు పెద్దాయన విని, మా ఊరంతా ఏమైందని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది.

ఒకరోజు మా ఇంటికి రా, ఇక్కడి గిరిజన మ్యూజియం చూద్దాం. అది చాలదనుకో. ఎంజీబీఎస్‌లో శ్రీశైలం బస్సెక్కి మన్ననూరులో దిగు. అక్కడి పెంటలో, అంటే చెంచుల గూడెంలో, పెద్దవాళ్లను కథలు చెప్పమనకు, ఈ ఏడు ఏ చెట్టు ముట్టకుండా వదిలారో అడుగు. తిరగరాసింది ముందు వాళ్లకు చదివి వినిపించి, తర్వాత నాకు పంపు.