హెడ్‌సెట్ తీశాకే అసలు చదువు

ప్రశ్న: మాది దామలచెరువు. మామిడి మండీ నడుపుతాను. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం. కాలేజీలో కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ (కంప్యూటర్‌లో తయారుచేసిన వార్డును కళ్లముందు నిజంలా చూపే పరికరం) పెట్టి ఒకరిని నర్సుగా, ఒకరిని రోగి బంధువుగా నటించమంటున్నారట. తర్వాత దాని మీద రెండు పేజీలు రాయాలట. తల తిరుగుతోందనీ అంటోంది. ఫీజు కట్టేది ఆటలాడుకోవడానికా? దీనివల్ల ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఆట అన్నారు కాబట్టి ఒక సంగతి. సీపీఆర్ (గుండె ఆగినవారి ఛాతీ నొక్కి, ఊపిరి ఊదడం) నేర్పే బొమ్మను 1960లో తెచ్చిన నార్వే వ్యాపారి ఆస్మండ్ లార్డాల్ అసలు పిల్లల బొమ్మలు చేసేవాడు. మనిషి మీద చెయ్యి వేసేముందు బొమ్మ మీద వేస్తే మేలన్నది పాత సంగతే. ఇప్పుడు వార్డు మొత్తం కళ్లముందుకు వస్తోంది, అంతే. ఇది కాలేజీ సరదా కూడా కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన బీఎస్సీ నర్సింగ్ నిబంధనల్లోనే సిమ్యులేషన్ (నిజం లాంటి పరిస్థితి కల్పించి సాధన చేయించడం) ఉంది. హెడ్‌సెట్ అందులో ఒక పద్ధతి.

మీకు విసుగు తెప్పించిన ఆ రెండు పేజీలే అసలు చదువు. రాత్రి మండీ కట్టేశాక లెక్క చూసుకుంటారు కదా? ఏ లాటు ఎందుకు తక్కువకు పోయిందో, ఏ రైతుతో మాట ఎక్కడ చెడిందో అప్పుడు తెలుస్తుంది. వేలంపాట జోరులో తెలియదు.

మీ అమ్మాయి నర్సు అనుకోండి. ఇంజెక్షన్ ఇవ్వాలి. బంధువు వేషంలో ఉన్న స్నేహితురాలు అరవంలో కేకలేస్తోంది (మన దగ్గర ఇది రోజూ జరిగేదే). ఆ హడావుడిలో రోగి చేతి పట్టీ మీద పేరు చూడకుండా మందు ఇచ్చేసింది. అక్కడ ఎవరికీ ఏమీ కాదు. తర్వాత ‘టెన్షన్ పడ్డాను, ఇకపై జాగ్రత్తగా ఉంటాను’ అని రాస్తే మార్కులు పడతాయేమో, బుర్రకు ఎక్కేది ఏమీ లేదు. ‘ఆమె గొంతు పెంచగానే త్వరగా వదిలించుకోవాలనిపించింది, అందుకే పేరు అడగలేదు. ఈసారి ముందు ఆమెతో రెండు మాటలు మాట్లాడి, తర్వాతే ట్రే ముట్టుకుంటాను’ అని రాసిందా, రేపు నిజం వార్డులో అది గుర్తొస్తుంది.

బంధువు వేషం తక్కువ అనుకోనివ్వకండి. నన్నడిగితే అదే పెద్ద పాత్ర. సిస్టర్ తనవైపు చూడకుండా వెళ్లిపోతే ఎలా ఉంటుందో ఇంకెక్కడ తెలుస్తుంది?

హెడ్‌సెట్ పెట్టుకున్నందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ‘రోగి బంధువు కోపంగా ఉంటే ఎలా మాట్లాడావు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, ఆ నోట్సు రాసిన పిల్ల తడుముకోదు. ఆ నోట్సు పుస్తకాలు పారేయొద్దనండి. వార్డు డ్యూటీ గురించి రాస్తే మాత్రం రోగుల అసలు పేర్లు వద్దు.

నరం దొరకబుచ్చుకోవడం, మంచంలో మనిషిని పక్కకు తిప్పడం దీంతో రావు. వార్డు డ్యూటీ తగ్గించి దీన్ని పెడుతుంటే గట్టిగా అడగండి. నటన అయ్యాక మేడం కనీసం అంతసేపైనా కూర్చోబెట్టి మాట్లాడుతున్నారా అన్నది కూడా కనుక్కోండి. హెడ్‌సెట్ తీయగానే పంపేస్తుంటే మీరన్నట్టు అది ఆటే.

తల తిరగడం చాలామందికి ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఫోను చూస్తూ కూర్చుంటే ఒళ్లు ఊగుతుంది, కన్ను ఒకచోటే ఉంటుంది, కడుపులో తిప్పుతుంది. ఇక్కడ కన్ను కదులుతుందనుకుంటుంది, ఒళ్లు కదలదు. కూర్చుని చేయమనండి, తిప్పగానే తీసేయమనండి. అయినా తగ్గకపోతే మామూలు కంప్యూటర్ స్క్రీన్ మీద చేయనిస్తారేమో మేడంను అడగమనండి.