తీసేస్తే ఏమవుతుంది?

ప్రశ్న: మాది ఏలూరు. పాతబస్తీ దగ్గర ఒక బ్యాంకులో కౌంటర్‌లో పనిచేస్తున్నాను. కళ్లు తప్ప ఏమీ కనపడకుండా నఖాబు కట్టుకున్న ఆడవాళ్లు రోజూ వస్తుంటారు. ఒకావిడని చనువు కొద్దీ అడిగితే 'నా ఇష్టంతోనే కట్టుకుంటున్నా' అన్నారు. మా కొలీగ్ మాత్రం 'అలా చెప్పమని ఇంట్లో నేర్పుతారు' అంటాడు. మీరు ముస్లిం, పైగా పాతబస్తీలోనే పాఠాలు చెప్పారు. ఇందులో ఏది నిజం?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వెనక క్యూ ఉండగా, డబ్బు కట్టడానికొచ్చిన మనిషిని అడిగితే ఇంకేం చెబుతుందమ్మా? మీ మెళ్లో తాళి గురించి నేనలా అడిగితే మీరైనా ఆ మాటే అంటారు. అది అబద్ధమనీ కాదు. ఆ ప్రశ్నకు ఆ చోట అంతకుమించి జవాబు రాదు.

రిటైరయ్యేదాకా ఆడపిల్లల జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. నాకు తలమీద కొంగే, నఖాబు లేదు. మాది గుంటూరు జిల్లా. మా నానమ్మ మిరపకాయ కోతలకు వెళ్లేది. కూలికి పోయే ఆడవాళ్లకు పరదా ఎక్కడిది? అప్పట్లో అది ఇల్లు కదలక్కర్లేని కలవారి సంగతి. హైదరాబాద్‌లో పరదా కట్టిన రిక్షాలు తిరిగేవన్నా, ఆ కిరాయి ఇచ్చుకోగలిగిన వాళ్లకే. ఇప్పుడు మీరు చూస్తున్న నల్ల నఖాబు మా వీధుల్లో ఇంతగా కనపడటం గల్ఫ్ ఉద్యోగాలు పెరిగాకే.

మా క్లాసు గదిలో వెనక గోడకు వరసగా కొక్కేలు ఉండేవి. పిల్లలు లోపలికి రాగానే తల వెనక ముడి విప్పి, నఖాబూ బురఖా కలిపి వాటికి తగిలించేవాళ్లు. కళ్లజోడు పిల్లలైతే చలికాలం పొద్దున్నే ముందు అద్దాలు తుడుచుకునేవాళ్లు. ఊపిరంతా పైకి తన్ని మసకబారేవి. అక్కడ వేలాడేవన్నీ ఒకటే నలుపు, ఒక్కోదాని వెనక ఒక్కో సంగతి. ఒక పిల్లకు టెన్త్ అవగానే చదువు మాన్పిస్తామన్నాడు తండ్రి. 'నఖాబు కట్టుకుంటా, ఇంటర్‌కు పంపండి' అని తనే బేరం పెట్టింది. దాన్ని ఇష్టమందామా, బలవంతమందామా? ఇప్పుడు ఫార్మసీ చదివి ఉద్యోగం చేసుకుంటోంది, తలకు స్కార్ఫ్ మాత్రం ఉంచుకుంది. ఇంకో పిల్ల అఫ్జల్‌గంజ్ దాటగానే బస్సులో నఖాబు విప్పి బ్యాగులో పెట్టేది, తిరుగు బస్సులో మళ్లీ కట్టుకునేది. అది ఇంట్లో వాళ్ల భయమేనని చెప్పడానికి ఏ సర్వే అక్కర్లేదు. ఇంకొకత్తికి మాత్రం చుట్టాల కంట పడకుండా మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తినడానికి నఖాబే అండ. అదెలా తినేదో, మడత కింద నుంచి చెంచా పోనిచ్చి, చుక్క కారకుండా!

మా ఇంటి సంగతీ చెబుతాను. మా కోడలు కర్నూలు పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ల పుట్టింట్లో ఎవరూ కట్టుకోరు. మావాడూ అడగలేదు. తనకు తానే ఖురాన్ చదువుకుని మొదలుపెట్టింది. నాకు నచ్చలేదు, నచ్చలేదనే చెప్పాను. 'మీరు వద్దన్నారని తీసేస్తే అది నా ఇష్టం అవుతుందా అత్తమ్మా?' అంది. నా దగ్గర జవాబు లేదు. రంజాన్‌కు మేమిద్దరం ఒకే దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) దగ్గర కూర్చుని ఇఫ్తార్ చేస్తాం. నేను మారలేదు, తనూ మారలేదు.

నా లెక్క ఇది. 'ఎందుకు కట్టుకున్నావు?' అని అడిగితే ఏదీ తేలదు. 'రేపు తీసేస్తే ఏమవుతుంది?' అన్నదే అడగాలి. మా కోడలు తీసేస్తే నేను లోలోపల సంతోషిస్తాను, అంతే. నాకు తెలిసిన ఇంకొకామె తీసేస్తే పుట్టింటికి పంపేస్తారు, పిల్లల్ని ఉంచేసుకుంటారు. ఆమె కూడా మీ కౌంటర్ దగ్గరకొస్తే 'నా ఇష్టమే' అనే చెబుతుంది.

మతం తప్పనిసరి చేసిందా అంటే, దానిమీద ఉలమాల (మతపండితుల) మధ్యే వాదం తెగలేదు. హజ్‌కు వెళ్లి ఇహ్రామ్‌లో, అంటే యాత్ర దీక్షలో, ఉన్న స్త్రీ మొహానికి నఖాబు కట్టకూడదు, అంతవరకు అందరికీ తెలుసు. భోపాల్‌ను 1901 నుంచి 1926 దాకా ఏలిన సుల్తాన్ జహాన్ బేగం బురఖాలోనే దర్బారు నడిపింది, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ అయింది. రాజ్యం కొడుక్కి అప్పగించాక, చివరి రోజుల్లో పరదా తీసేసింది. మన హైదరాబాద్‌లో రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా పరదా వదిలి బయటికొచ్చి, 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా బడి పెట్టారు. వదలగలిగినవాళ్ల వెనక హోదా ఉందన్నది కూడా మరచిపోకండి.

ప్రశ్న: బలవంతం ఉందని మీరే ఒప్పుకుంటున్నారు కదా. ఫ్రాన్స్‌లోలాగా నిషేధిస్తే పీడ విరగడవుతుంది కదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎవరికి విరగడవుతుందండీ? ఫ్రాన్స్ 2010లో చట్టం చేసింది, 2011 ఏప్రిల్ నుంచి అమలు. బహిరంగంగా మొహం కప్పుకుంటే 150 యూరోల దాకా జరిమానా. దానిమీద ఎస్.ఏ.ఎస్. అన్న పొడి అక్షరాలతో ఒక యువతి యూరప్ మానవ హక్కుల కోర్టుకెక్కింది. ఆమె వాదన చూడండి: ఇంట్లో ఎవరి ఒత్తిడీ లేదు, ఎప్పుడూ కట్టుకోవాలనీ లేదు, అనిపించినప్పుడు కట్టుకుంటాను, విమానాశ్రయంలో అడిగితే తీసి చూపిస్తాను. నా లెక్కలో ఇంతకన్నా స్వేచ్ఛ ఉన్న మనిషి దొరకదు. 2014 జులై 1న కోర్టు చట్టాన్నే సమర్థించింది, 'కలిసి బతకడం', అంటే సమాజంలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మెలగడం, అన్న కారణం చెప్పి. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ మాత్రం ఇలాంటి కేసుల్లోనే ఆ నిషేధాన్ని తప్పుపట్టింది. ఇటు కాబూల్‌లో తాలిబాన్లు 2022 మే నెలలో మొహం కప్పుకుని తీరాలన్నారు, మాట వినకపోతే మగదిక్కుకు శిక్ష అన్నారు. ఫ్రాన్స్ తీయమంది, వాళ్లు కట్టమన్నారు. ఇద్దరూ ఆ ఆడమనిషిని అడగలేదు.

నఖాబు బేరం పెట్టి చదువుకున్న పిల్ల చెప్పాను కదా, నిషేధం ఉంటే వాళ్ల నాన్న నఖాబు మాన్పించడు, కాలేజీ మాన్పిస్తాడు. పరీక్ష హాల్లో, పోలింగ్ బూత్‌లో, బ్యాంకుల్లో మొహం చూపించమనడం న్యాయమే. మేము హాల్‌టికెట్ చూసేటప్పుడు ఆడ లెక్చరర్‌ను పక్కగదిలో కూర్చోబెట్టేవాళ్లం, ఏ పిల్లా పేచీ పెట్టలేదు. కేరళలో ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ 2019లో తన విద్యాసంస్థల్లో మొహం కప్పడం వద్దంది. కాలేజీ నియమం వేరు, వీధిలో పోలీసు వేరు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఆవిడ నఖాబులో ఉంటారు. బజార్లో ఎదురైతే ఆవిడో కాదో తెలియక పలకరించలేకపోతున్నాను. ఏం చేయను?
– ఒక గృహిణి, మెహిదీపట్నం

జవాబు: చెప్పులు చూడండి, లేదా చేతిసంచి. నేనైతే మా పిల్లల్ని నడకతోనే పట్టేసేదాన్ని. అయినా మీరు ఆవిడకు ఎప్పుడో కనబడి ఉంటారు. ఎవరో ఏమిటో అనుకోకుండా 'కూరగాయలకా వదినా?' అనండి. కాకపోతే ఆవిడే కాదంటుంది.