"స్కాన్ చెయ్యమ్మా" అంటున్న ఆరేళ్ల బాబుకి డబ్బు గురించి ఎలా చెప్పాలి?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం. బాబుకి ఆరేళ్లు, పాపకి నాలుగు. మొన్న షాపులో బాబు బొమ్మ కారు అడిగితే డబ్బుల్లేవన్నాను. "ఫోన్ ఉందిగా అమ్మా, స్కాన్ చెయ్యి" అన్నాడు. వీళ్లకి ఇప్పటి నుంచే డబ్బు సంగతులు చెప్పాలా? మావారు 1,500 రూపాయల బొమ్మ క్యాష్ కౌంటర్ సెట్ కొందామంటున్నారు. పాకెట్ మనీ ఇవ్వొచ్చా? పిల్లల పేర బ్యాంకు ఖాతాలు తెరవాలా? - ఒక పాఠకురాలు

జవాబు: బాబు తను చూసిందే చెప్పాడమ్మా. యూపీఐ 2016లో వచ్చింది. వాడికి ఊహ తెలిసేసరికే కూరగాయల బండి మీద కూడా స్కానర్ ఉంది. మన చిన్నప్పుడు నాన్న జేబులోంచి నోటు తీయడం, నెలాఖరుకి పర్సు పలచబడటం కళ్లారా చూశాం. వాడికి తెలిసిందల్లా ఫోన్ చేసే 'టింగ్' శబ్దమే. ఖర్చు పెడితే డబ్బు అయిపోతుందన్న ఒక్క సంగతి ఇప్పుడు తెలిస్తే చాలు. అది చెబితే ఎక్కదు. కొట్టు ఆట ఆడిస్తే ఎక్కుతుంది.

1,500 సెట్ మాత్రం వద్దు. పిల్లలు ఆ బటన్లు నొక్కడంలో పడిపోతారు, అసలు ఆట పోతుంది. వంటింట్లోంచి నాలుగు బంగాళాదుంపలు, రెండు ఉల్లిపాయలు, ఒక సబ్బు, బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి గుమ్మం దగ్గర పరవండి. పాత స్వీట్ బాక్సు గల్లాపెట్టె అవుతుంది. డబ్బు మాత్రం నిజమైనదే ఉండాలి. రూపాయి, రెండు, ఐదు బిళ్లలు, ఒక పది నోటు. 2 రూపాయల బిళ్ల కన్నా చిన్నగా ఉండే 5 రూపాయల బిళ్లలు కూడా చెలామణిలో ఉన్నాయి కాబట్టి మీ పాప పెద్ద బిళ్లే ఎక్కువనుకుంటుంది. తప్పని చెప్పకండి, ఐదు రూపాయల బిళ్ల పక్కన ఒక్కో రూపాయి బిళ్లలు ఐదు వరసగా పేర్చి చూపించండి. బాబుకి అక్షరాలు వచ్చి ఉంటే పది నోటు వెనక్కి తిప్పి, అక్కడ వరసగా ఉన్న భాషల్లో 'పది రూపాయలు' అని తెలుగులో ఎక్కడుందో వెతకమనండి. ఒక్క జాగ్రత్త: చిన్నపిల్లలు బిళ్లలు నోట్లో పెట్టుకుంటారు. ఆట అయ్యేదాకా పక్కనే కూర్చోండి, అయ్యాక లెక్కపెట్టి తీసేయండి.

బాబు చేతికి 20 రూపాయలివ్వండి. కొట్లో సరుకుల ధరలన్నీ కలిపితే 35 అయ్యేలా చూడండి. డబ్బు అయిపోతే మళ్లీ ఇవ్వకండి. ఈ ఆటకి ప్రాణం ఇదే, పెద్దవాళ్లం చెడగొట్టేదీ ఇక్కడే.

మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు మెట్ల మీద ఈ కొట్టు పెట్టేవాళ్లం. మా అమ్మ యజమాని. మా అమ్మాయి వస్తూనే ఉన్నదంతా బిస్కెట్లకి పెట్టేసింది. ఆ తర్వాత మెరుపుల స్టిక్కర్ కంటపడింది. పెదవి వణికింది. నేను జేబులో చెయ్యి పెట్టాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, మనవరాలితో "ఈరోజు నగదు, రేపు అరువు. రేపు రా తల్లీ" అంది. ఏడుపు పది నిమిషాల్లో తగ్గింది. మర్నాడు పిల్ల వచ్చి ఏదీ ముట్టుకోలేదు. ముందు "ఇదెంత? అదెంత?" అని అన్నిటి ధరా అడిగింది.

వారం తర్వాత బాబుని యజమానిగా కూర్చోబెట్టండి. నన్నడిగితే కొనే ఆట కన్నా ఇదే ఎక్కువ నేర్పుతుంది. మీరు హోల్‌సేల్ వ్యాపారి. దుంప ఒకటి 2 రూపాయల చొప్పున వాడికి అప్పు మీద ఇవ్వండి, వాడు 3కి అమ్ముకోవాలి. నాన్న బోణీ చేసి బేరమాడతారు, కొసరు అడుగుతారు. చెల్లెలు ఊరికే ఒకటి పట్టుకుపోతుంది. సాయంత్రం మీ 8 రూపాయలు కట్టాక గల్లాపెట్టెలో మిగిలిందే లాభం. చెల్లికి ఇచ్చిన దుంప ఎవరి డబ్బో అప్పుడు వాడే లెక్క తేల్చుకుంటాడు.

ఫోన్ సంగతి దీని తర్వాతే. అట్టముక్క మీద 20 గళ్లు గీసి ఫోన్ అనండి. స్కాన్ చేసిన ప్రతిసారీ ధర ఎన్ని రూపాయలైతే అన్ని గళ్లు కొట్టేయాలి. గళ్లయిపోతే 'టింగ్' రాదు.

మీరు మార్చుకోవాల్సింది ఒకటుంది. కారుకి "డబ్బుల్లేవు" అని, అదే షాపులో 2,000 సరుకులకి స్కాన్ చేస్తే పిల్లాడు మనం అబద్ధమాడామనుకుంటాడు. "ఈ నెల బొమ్మలకి పెట్టుకున్న డబ్బు అయిపోయింది" అనండి. అది నిజం, పైగా వాడికి అర్థమయ్యే మాట.

పాకెట్ మనీ పాపకి ఇప్పుడే వద్దు. బాబుకి ప్రతి ఆదివారం 20 రూపాయలు చిల్లరగా ఇచ్చి, ఒక ముంత కొనివ్వండి. హోంవర్క్ చేశాడని ఎక్కువ, అల్లరి చేశాడని తక్కువ ఇవ్వకండి. అదే రోజు రైతు బజార్‌కి తీసుకెళ్లి, బోర్డు మీద ధర చదివించి, అర కిలో టమాటాలు వాడి చేతే కొనిపించండి. చిల్లర లెక్కపెట్టుకునేదాకా తొందరపెట్టకండి. పది రూపాయల బిళ్ల ఎవరైనా వద్దంటే పిల్లాడు కంగారు పడతాడు. అప్పటికి 14 డిజైన్లలో వచ్చిన ఆ బిళ్లలన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018లోనే చెప్పింది, వాడికీ ఆ మాట చెప్పండి.

ఇక ఖాతాలు. పదేళ్లలోపు పిల్లల ఖాతా మీరే గార్డియన్‌గా నడపాలి. పదేళ్లు నిండితే బ్యాంకు పెట్టే పరిమితుల మేరకు వాళ్లే నడుపుకోవచ్చు. పాపకి పదేళ్లు నిండేలోపు పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ ఆడపిల్లల కోసం ఉన్న పొదుపు పథకం, సుకన్య సమృద్ధి ఖాతా తెరవొచ్చు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం 1.5 లక్షలు. అది ఆట కాదు, రేపటి చదువు కోసం, కాబట్టి మీరే చూసుకోండి. బాబు ఖాతాకి మాత్రం ముంత నిండాక వెళ్లండి. ఆ చిల్లర వాడి చేతే కౌంటర్లో ఇప్పించి, పాస్‌బుక్‌లో అంకె పడ్డాక వాడికి చూపించండి.