పువ్వు మా అమ్మది, ఆర్డరు అక్కది

ప్రశ్న (పెద్ద ఉత్తరం, కుదించి ఇస్తున్నాం): మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. నాకు 47. మా వీధిలో ఎనిమిదిమందిమి నెలకోసారి రెండో శనివారం ఒకళ్ళింట్లో కలుస్తాం, ఎవరి లేసు అల్లిక వాళ్ళు తెచ్చుకుంటాం, తలో వంటకం పట్టుకొస్తాం. శనివారం కదా అని నీచు ఉండదు. మా అమ్మ అల్లే నందివర్ధనం పువ్వు డిజైన్ నేనే అందరికీ నేర్పాను. అమ్మ పోయి నాలుగేళ్ళు. మొన్న మా తోడికోడలు అక్క అదే పువ్వు ఏజెంటుకి చూపించి 60 టేబుల్ మ్యాట్ల ఆర్డరు తెచ్చి, అందరికీ పంచుతూ నాకూ ఓ పది ఇస్తానంది. ఆ ఏజెంటు మా అక్క డిజైన్ అనే అంటున్నాట్ట. పైగా నేను తీసుకెళ్ళిన పూతరేకులు చూసి "మా చెల్లికి చేసే తీరిక లేదు, కొనుక్కొచ్చింది" అని నవ్వింది. నాకు తిక్కరేగి ఒళ్ళో ఉన్న అల్లిక పదకొండు వరసలు అక్కడే పీకేసి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. మా ఆయన "దారం ముక్క కోసం అన్నదమ్ముల మధ్య గొడవెందుకు, చెరువు లీజు ఇద్దరి పేరునా ఉంది" అంటారు. నేను చేసింది తప్పా?

జవాబు: అమ్మా, ముందు పూతరేకుల సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్ళల్లో ముంచిన గుడ్డ ఒక్క లాగు లాగి రేకు తియ్యడం ఇంటింటా అయ్యే పని కాదు, ఆత్రేయపురంలో కూడా చేతివాటం ఉన్నవాళ్ళే తీస్తారు, కొనుక్కు తేవడంలో నామోషీ ఏం లేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్ (ఫలానా చోటి సరుకు అని చట్టం ఇచ్చే గుర్తింపు) వచ్చింది, 2024లో మీ నరసాపురం లేసుకి వచ్చింది, మీరు ఆ రెంటినీ ఒకే సంచీలో పెట్టుకెళ్ళారు, ఇంకేం కావాలి. మీ అక్క మాట నవ్వులాటకే అయ్యుంటుంది, వేరే రోజైతే మీరూ నవ్వేసేవారు. ఆ రోజు మాత్రం అప్పటికే మీ కడుపు మండుతోంది.

ఇక పువ్వు దగ్గరికొద్దాం. అక్క దొంగతనం చేసిందా అంటే, లేదండి. వానాకాలంలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కళ్ళ చెయ్యి పట్టుకుని ఆ అయిదు రేకులూ మీరే నేర్పానని ఉత్తరంలో మరోచోట ఎంతో ముచ్చటగా రాశారు. నేర్పాక అది వాళ్ళ చేతుల్లో ఉంటుంది, మీ చేతుల్లో ఉండదు. ఈ పని మీ ఊళ్ళకి వచ్చిందే అలాగ. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పితే ఒకళ్ళ దగ్గర చూసి ఒకళ్ళు, అత్తని చూసి కోడలు, ఇలా ఇల్లిల్లూ పాకింది, మా మేనత్త కూడా మొగల్తూరు వైపు కాపరానికి వెళ్ళాకే నేర్చుకుంది, ఎవర్నీ అడిగి కాదు. జీఐ ఉంది కదా దాంతో నా డిజైన్ కాపాడుకోవచ్చా అని కూడా అడిగారు. జీఐ నరసాపురం అనే పేరుకే, వేరేచోట మిషను మీద తీసిన సరుకుని ఆ పేరుతో అమ్మకుండా. మీ ప్రాంతంలో చేత్తో అల్లేవాళ్ళు ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవాళ్ళుగా రిజిస్టర్ చేసుకోవచ్చు, అది చేయించుకోండి మంచిదే, కానీ అది ఒకావిడ పువ్వుని ఇంకొకావిడ దగ్గర్నుంచి కాపాడదు. డిజైన్ రిజిస్ట్రేషన్ అనేది వేరే చట్టం, దానికి డిజైన్ కొత్తదై ఉండాలి, మీ అమ్మగారి చేతినుంచి పెళ్ళిళ్ళకీ సారెలకీ పక్కూళ్ళకి వెళ్ళిపోయిన పువ్వు కొత్తది ఎలా అవుతుంది. కాబట్టి ఆ దారి మర్చిపోండి.

అయినా అక్క తప్పు లేదని నేను అనను. పక్క వాటాలోనే ఉంటుంది, రోజూ మొహాలు చూసుకుంటారు, ఏజెంటుకి ఇచ్చేముందు "చెల్లీ, మీ అమ్మగారి పువ్వు చూపిస్తున్నాను" అని ఒక్క మాట అంటే ఏం పోయింది. ఆ ఒక్కమాట లేకపోబట్టే మీకు ఇంత మంటగా ఉంది. మీరు డబ్బు గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు గమనించారా, పువ్వు పేరు మాత్రం ఆరుసార్లు రాశారు. అమ్మ పేరు అక్కడ రావాలని మీ కోరిక. అది అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

అడిగేది మాత్రం మీరే అడగండి. మీ ఆయన చేత చెప్పించొద్దు, మగవాళ్ళ నోట పడితే పువ్వు కాస్తా చెరువు లీజు అయి కూర్చుంటుంది, అది తెలిసే ఆయన ముందుగానే భయపడుతున్నారు, ఆయన భయం అబద్ధం కాదు. వాట్సాప్‌లో అసలొద్దు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఆవిడ నడుం వాల్చేముందు వెళ్ళి కూర్చుని "అక్కా, ఆ నందివర్ధనం మా అమ్మది. నువ్వు ఇచ్చావని కాదు, నాకు చెప్పకుండా ఇచ్చావని కష్టమేసింది. ఏజెంటు మళ్ళీ వచ్చినప్పుడు ఇది మా చెల్లి వాళ్ళ అమ్మగారి పువ్వు అని చెప్పు" అనండి, అంతే, ఇరవై ఏళ్ళ పాత లెక్కలు తియ్యకండి, పూతరేకుల మాట ఎత్తకండి. ఆవిడ ఒకవేళ "దీనికింత రాద్ధాంతమా" అంటే అననివ్వండి, మీరు చెప్పాల్సింది చెప్పేశారు కదా, లేచి వచ్చెయ్యండి.

ఇంకో మాట కూడా అక్కడే చెప్పాలి. పదిమందిలో అల్లిక పీకడం మీ తప్పు. అది ఎవరిమీద కోపమో ఏడుగురికీ అర్థమైంది, ఇంటావిడకి పాపం ఏం చెయ్యాలో తెలీక మంచినీళ్ళు తెచ్చి నిలబడిందని మీరే రాశారు. అక్కకి ముందు దానికి సారీ చెప్పి అప్పుడు పువ్వు విషయం ఎత్తితే మాట తేలిగ్గా సాగుతుంది. పీకిన దారం పారెయ్యకండి, కుర్చీ వీపుకి చుట్టి, ఆ చుట్ట తీసి తడిపి, అడుగున ఏదైనా బరువు కట్టి వేలాడదీసి ఆరేస్తే ఆ వంకర్లు పోతాయి, మా మేనత్త అలాగే చేసేది.

ఆ పది మ్యాట్లు ఒప్పుకోవాలా అంటే మీ ఇష్టం, మానేసినా ఎవరూ ఏమీ అనుకోరు. ఒప్పుకుంటే మాత్రం అక్క కదా అని మొహమాటపడకుండా మ్యాటుకి ఎంతో, దారం ఎవరిదో, రిజెక్ట్ అయితే ఎవరు భరిస్తారో ముందే అడగండి. పువ్వులు ఒకళ్ళు అల్లి అతుకుపని ఇంకొకళ్ళు చేస్తే ఆ కూలి విడిగా మాట్లాడుకోవాలి, అతుకుపని చూడ్డానికి చిన్నదిగా కనపడుతుంది గానీ కళ్ళు పీకేస్తుంది. ఎండమావి లెక్కలు వద్దు, మీరు అల్లే మ్యాటు ఎక్కడో పరాయిదేశంలో ఏ రేటుకి అమ్ముతారో మీ చేతికి వచ్చే కూలికీ దానికీ సంబంధం ఉండదు, మధ్యలో ఎంతమంది చేతులు మారుతుందో మీకూ తెలుసు.

కానీ ఆర్డరు పని శనివారానికి రానివ్వకండి. ఇది మాత్రం ఎనిమిదిమందీ కూర్చుని తేల్చుకోవాల్సింది, నా మాట వినండి. ఇన్నాళ్ళూ మీ శనివారం బాగా సాగింది అంటే అక్కడ ఎవరూ ఎవరికీ కూలి ఇవ్వలేదు కాబట్టే, ఒకళ్ళది మనవరాలి గౌను అంచు, ఒకళ్ళది టీవీ మీద కప్పే గుడ్డ, మధ్యలో పనసపొట్టు కూర, దిబ్బరొట్టె, చలికాలమైతే తేగలు. పంచేవాళ్ళొకరూ పుచ్చుకునేవాళ్ళొకరూ అయ్యాక అరుగు మీద కూర్చునే తీరే మారిపోతుంది, అక్క మీ అల్లికలో తప్పులు లెక్కపెడుతుంటే మీకు ముద్ద దిగుతుందా. పైగా పులిహోర తిన్న చేత్తో తెల్లదారం ముట్టుకుంటే పసుపు మరక ఓ పట్టాన పోదు, ఏజెంటు పక్కన పడేస్తాడు, ఈ వంక చెప్పండి, అక్క కూడా కాదనలేదు. ఆర్డర్ పనికి బుధవారమో గురువారమో ఆవిడ వాటాలోనే పెట్టుకోమనండి, రావాలనుకున్నవాళ్ళు వెళ్తారు.

మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లడంలేదు అన్నారు. మీ స్టీలు క్యారేజీ, మీ పేరు చెక్కించింది, ఆ ఇంటావిడ దగ్గరే ఉండిపోయిందని ఉత్తరం చివర్లో రాసి, ఎవరినైనా పంపి తెప్పించుకోనా అని అడిగారు. ఎవర్నీ పంపొద్దు. శనివారం దాకా ఆగొద్దు, మంగళవారమో ఎప్పుడో సాయంత్రం మీరే వెళ్ళి తెచ్చుకోండి. ఆవిడ కడిగి బోర్లించే ఉంచుంటుంది, మీ వైపు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు కదా, ఇంట్లో ఏది ఉంటే అది, ఆఖరికి నాలుగు కరివేపాకు రెబ్బలైనా పెట్టి ఇస్తుంది. ఏమీ చెప్పక్కర్లేదు, తీసుకుని కాసేపు కూర్చోండి.