ధర మార్చే గడి ఇవ్వండి చాలు

ప్రశ్న: పచ్చళ్ల దుకాణానికి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో సొంతంగా వెబ్‌సైట్ కట్టి ఇచ్చాను. ధర మారినా, ఫొటో మారినా యజమాని నాకే ఫోన్ చేస్తున్నారు. ఆయనే మార్చుకోవాలంటే సైటంతా, కోడు రాయకుండానే మార్చుకోగలిగే వర్డ్‌ప్రెస్‌లోకి తేవాలా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అక్కర్లేదండి. మూడు నెలల్లో ఆయన ఏమేం మార్చమన్నారో వాట్సాప్‌లో వెనక్కి వెళ్లి చూడండి. పేరు, ధర, ఫొటో, 'స్టాకు ఉంది/లేదు' తప్ప మరేమీ లేకపోతే ఒక లాగిన్, ఒక ఫారం చాలు. రంగులు, అక్షరాల సైజు ఆయన చేతికి ఇవ్వకండి. ఇచ్చారా, పండగ ఆఫరు ఎర్రక్షరాల్లో పేజీ నిండా పరుచుకుంటుంది.

చిక్కంతా ధర గడి దగ్గరే. '450/-' అని కొడతారు, '1,200' అనీ కొడతారు. రెండోదాన్ని పీహెచ్‌పీ పూర్ణాంకంగా మార్చేటప్పుడు కామా దగ్గర ఆగిపోయి 1 అనుకుంటుంది. కిలో రొయ్యల పచ్చడి రూపాయికి పోతుంది! అందుకే సర్వర్ దగ్గర కామాలు, '/-' తీసేసి, మిగిలింది అంకెలేనా అని చూశాకే సేవ్ చేయండి. రూపాయి గుర్తు పేజీలో మీరే చేర్చుకోండి.

ఇక ఫొటో. ఫోన్‌లో తీసింది 4, 5 ఎంబీ ఉంటుంది. పీహెచ్‌పీ మామూలుగా ఒప్పుకునేది 2 ఎంబీ. ఫారం మొత్తం 8 ఎంబీ దాటితే మరీ ఘోరం, ఫొటోతో పాటు ధర, పేరు కూడా ఖాళీగా వస్తాయి. ఆ ఖాళీనే సేవ్ చేయకుండా చూసుకోండి. హోస్టింగ్‌లో ఈ రెండు పరిమితులనూ 12, 16 ఎంబీకి పెంచి, ఫొటో రాగానే 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించండి. పీహెచ్‌పీలో బొమ్మల పని చేసే జీడీతో కుదిస్తే, కెమెరా ఫొటోలో దాచే ఎగ్జిఫ్ వివరాల్లోని దిశ సమాచారం పోయి నిలువు ఫొటో పక్కకు పడుకుంటుంది. ముందు తిప్పి, తర్వాత కుదించాలి. ఫైలుకు కొత్త పేరు మీరే పెట్టండి, ఫొటోలు దాచే ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపండి.

పాత ధరను చెరిపేయకుండా తేదీతో వేరే పట్టికలో దాచి, 'వెనక్కి' అనే బటన్ ఇవ్వండి. అది లేకపోతే ఫోన్లు ఆగవు.

ప్రశ్న: మా క్లయింట్ కరపత్రంలోని తెలుగు తెచ్చి అతికిస్తే సైట్‌లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. ఎందుకు?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆ కరపత్రం అను లాంటి పాత ఫాంట్లలో కొట్టి ఉంటారు. అందులో లోపల ఉండేవి ఇంగ్లీషు సంకేతాలే, పైకి కనిపించే రూపమే తెలుగు. తెలుగుకు సొంత సంకేతాలున్న యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, వచ్చినదాన్ని ఒకసారి చదివి అతికించమనండి, ఒత్తులు తారుమారవుతుంటాయి. తెలుగు గడిలో యూనికోడ్ తెలుగక్షరం ఒక్కటైనా లేకపోతే సేవ్ కానివ్వకండి. డేటాబేస్ పట్టిక యూటీఎఫ్8ఎంబీ4లో (అక్షరానికి 4 బైట్ల దాకా పట్టే పద్ధతిలో) ఉందో లేదో కూడా చూడండి. పాత యూటీఎఫ్8లో 3 బైట్ల తెలుగు పడుతుంది గానీ 4 బైట్ల ఎమోజీ పట్టదు. సర్వర్ సెట్టింగును బట్టి సేవ్ మొత్తం విఫలమవుతుంది, లేదా ఎమోజీ దగ్గర్నుంచి వాక్యం తెగిపోతుంది.